అటకెక్కిన ఐదో నంబరు

ఎర్వాన్ కెర్వెల్లా చెయ్యి చాపాడు. కోచ్ పాస్కల్ దెల్మా కారు తలుపు వేసి, ఆ చేతిని చూసి, జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ, చెప్పండి, వింటున్నాను," అంటూ పక్కనుంచి నడిచి గేటు దాటి వెళ్ళిపోయాడు.

సోమవారం, ఉదయం ఏడుంబావు. సముద్రం మీదనుంచి సన్నగా జల్లు కొడుతోంది. ఇలా జరగడం ఇది ఇరవై నాలుగో రోజు.

చాపిన చేతిని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమైన పనో ఎర్వాన్‌కి ఈ నెలలోనే తెలిసింది. గబుక్కున తీసుకుంటే తప్పు చేసినట్టుంటుంది. అలాగే ఉంచితే ముష్టెత్తుకున్నట్టుంటుంది. అతను దాన్ని మెల్లగా దించి ట్రాక్‌సూట్ జేబులో పెట్టుకుని కాపలా గదివైపు చూశాడు. కాపలా మనిషి పావుగంట కిందటే అతనితో చేతులు కలిపాడు. ఇప్పుడు పేపర్లో తల దూర్చి ఏమీ చూడనట్టు కూర్చున్నాడు.

పోర్-బ్రియాక్‌లో చేపల రేవులో అయినా, బేకరీలో అయినా, ఫుట్‌బాల్ క్లబ్బులో అయినా పనిలోకి దిగేముందు మనిషి మనిషికీ చెయ్యి కలపాలి. రోజుకి ఒక్కసారి. పొరపాటున రెండోసారి చాపితే "ఇవాళ మనం కలిసేశాంగా" అని నవ్వుతారు. అసలు చెయ్యే ఇవ్వకపోతే మాత్రం ఆ మనిషి అక్కడ లేడని చెప్పినట్టు. దెల్మా ఈ ఊరివాడే. అతనికి ఇదంతా తెలుసు. తెలుసు కనకే ఫోన్ తీస్తాడు.

మే నెలదాకా ఎర్వాన్ ఈ జట్టుకి కెప్టెన్. పదకొండు సీజన్లు వెనక వరసలో నడిమధ్యన ఐదో నంబరు చొక్కాతో నిలబడ్డాడు. జూలైలో క్లబ్బు చేతులు మారింది. వచ్చినవాళ్ళకి ముప్పైనాలుగేళ్ళ డిఫెండర్ అక్కర్లేదు. ఒప్పందం ఇంకో ఏడాది ఉంది కనక పొమ్మనడానికీ లేదు. అందుకని అటకెక్కించారు. ఫ్రాన్సులో ఆటగాళ్ళు దానికి వాడే మాట అదే. ఈ అటకకి నిచ్చెన ఉండదు. డ్రెస్సింగ్ రూమ్‌లో నీ లాకర్ మీది పేరు పోతుంది. మైదానాల వెనక రేకుల గదిలో బట్టలు మార్చుకోమంటారు. జట్టంతా తొమ్మిదిన్నరకి వస్తే నిన్ను ఏడున్నరకి రమ్మంటారు, సాయంత్రం మళ్ళీ ఐదున్నరకి రమ్మంటారు. ఎవరూ తిట్టరు, కొట్టరు. నువ్వే విసిగిపోయి సంతకం పెట్టి పోతావని కాచుకుని ఉంటారు. పోకపోతే ఎప్పుడో ఒకరోజు ఆలస్యంగా రాకపోతావా అని చూస్తారు. మూడు ఆలస్యాలైతే పనిలోంచి తీసేస్తూ ఉత్తరం పంపించొచ్చు.

ఈ శుక్రవారంతో బదిలీల గడువు అయిపోతుంది. ఆలోగా వేరే క్లబ్బుకి పోకపోతే ఏడాదంతా రేకుల గదే. ముప్పైనాలుగేళ్ళవాడికి ఏడాదిపాటు ఆట లేకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే. ఎర్వాన్‌కి వేరే క్లబ్బు వద్దు. ఇక్కడే, ఈ గడ్డి మీదే, చివరి సీజన్ ఆడి దిగిపోవాలి. అతను అడిగింది అంతకంటే ఏమీ లేదు.

వెనక మైదానంలో గడ్డి కొయ్యక రెండు వారాలైంది. గోల్‌కి వల లేదు. ఫిట్‌నెస్ ట్రైనర్ కాంతాన్ గొడుగు కింద నిలబడి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఎర్వాన్, ఏడూ ఇరవై ఏడు. లెవాన్, ఏడూ ఇరవై ఎనిమిది.

"సెకన్లు కూడా రాయవయ్యా," అన్నాడు ఎర్వాన్. "ఆఫీసువాళ్ళకి అవి లేకపోతే అన్నం సయించదు."

"నా చేతిలో ఏముందన్నా," అన్నాడు కాంతాన్ నేల చూస్తూ. "ఎనిమిది రౌండ్లు పరుగు. కాగితంలో అదే ఉంది."

"నిన్నా అదే, మొన్నా అదే. మేం బంతి ఆడేవాళ్ళమా, గానుగెద్దులమా?"

కాంతాన్ పుస్తకంలో పేజీ తిప్పాడు. ఏప్రిల్లో అతని పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది ఎర్వానే.

అటక మీద రెండోవాడు లెవాన్. జార్జియా దేశంనుంచి వచ్చిన ఫార్వర్డ్, ఇరవై ఎనిమిదేళ్ళవాడు. జనవరిలో కొన్నారు, జూలైలో మరిచిపోయారు. ఫ్రెంచి ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. తప్పు మాట్లాడతానేమోనని భయం మాత్రం లేదు.

"కెప్టెన్," అన్నాడు పరిగెడుతూ, "మనం పెద్ద టీమ్. నువ్వు కెప్టెన్. నేను మిగతా పదిమంది."

"మరి గోలీ ఎవరు?"

"గోలీ కూడా నేనే. అందుకే ఓడిపోతున్నాం."

ఎనిమిది రౌండ్లయ్యాక ఎర్వాన్ తన సంచిలోంచి బంతి తీశాడు. ఇంటినుంచి తెచ్చుకున్న బంతి అది, క్లబ్బు వీళ్ళకి బంతి ఇవ్వదు. లెవాన్ దాన్ని కాలికింద పెట్టుకుని మీదికి వచ్చాడు. ఎర్వాన్ ముందుకి దూకలేదు. మోకాళ్ళు కొంచెం వంచి, ఒక భుజం ముందుకి పెట్టి, అరడుగు అరడుగు వెనక్కి జరిగాడు. బంతిని చూడలేదు. బంతి బొంకుతుంది, కాళ్ళు బొంకుతాయి, కళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నడుము మాత్రం మనిషి ఎటు పోవాలో అటే తిరుగుతుంది. లెవాన్ నడుము ఎడమకి తిరిగిన క్షణాన ఎర్వాన్ కాలు అక్కడ ఉంది. బంతి మెత్తగా అతని పాదానికి వచ్చి ఆగింది.

"మళ్ళీ," అన్నాడు.

ఇరవైసార్లు అలా చేశారు. ఇరవైలో పదిహేడు ఎర్వాన్‌వి. తొమ్మిదిన్నరకి ముందువైపు మైదానంలోంచి జట్టు కేకలు, ఈల వినిపించాయి. కంచె అవతల రెండువందల గజాల దూరంలో తన స్థానంలో ఎవరో నిలబడి ఉంటారు. కాళ్ళు ఆగిపోయి ఉంటే సరే, ఒప్పుకునేవాడు. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఉన్నాయని చూసే నాథుడు లేడు.

మంగళవారం ఉదయం తడిసిన బట్టలు సంచిలో కుక్కుకుని లాండ్రీ గదికి వెళ్ళాడు. మదాం జోసియాన్ ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ఉంటోంది. మూడు పెద్ద మెషీన్లు తిరుగుతున్నాయి. ఆమె ఒక్కో ఆటగాడి మేజోళ్ళు తిరగేసి, విదిలించి, గడ్డిపరకలు రాల్చి, వలసంచిలో వేసి నంబరు పిన్ను గుచ్చుతోంది.

"అటకవాళ్ళ బట్టలు అటకవాళ్ళే ఉతుక్కోవాలట," అంది తల ఎత్తకుండా. "నిన్న తలుపుకి కాగితం అంటించారు. ఇలా పడెయ్."

"మరి కాగితం?"

"కళ్ళజోడు లేనిదే నాకు చదవడం రాదు. కళ్ళజోడు ఇంట్లో ఉంది."

ఎర్వాన్ ఖాళీ బుట్ట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఈ గదిలో వెచ్చగా ఉంటుంది. ఇక్కడ కూర్చుంటే మనసులో మాట దానంతట అదే బయటికి వస్తుంది.

"ఇరవై ఐదు రోజులు, మదాం. మనిషన్నవాడు చెయ్యి చాపితే ఫోన్ చెవిలో పెట్టుకుంటాడు. అవతల ఎవరూ ఉండరు. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. వాడి కింద ఆడి రెండుసార్లు ముక్కు పగలగొట్టుకున్నాను. ఏదో ఒకరోజు వాడికి నాతో పని పడుతుంది, వాడే చెయ్యి చాపుతాడు. అప్పుడంటాను, 'ఇవాళ మనం కలిసేశాం కోచ్, మీరు ఫోన్‌లో ఉన్నారు' అని. పడుకున్నా లేచినా ఆ మాటే నూరుకుంటున్నాను."

"మాట బాగుంది," అంది జోసియాన్. "ఫాబియాన్ వింటే సంతోషిస్తాడు."

"ఏ ఫాబియాన్?"

"ఏ ఫాబియాన్ అంటావేంటి." ఆమె ఇంకో మేజోడు తిరగేసింది. "మూడేళ్ళ కిందట మన లెఫ్ట్ బ్యాక్. ఆ రేకుల గదిలో మొదట కాపురం పెట్టింది అతనే. ఆరు వారాలు. అదే గేటు దగ్గర, మీరంతా వచ్చే టైముకి నిలబడేవాడు. అప్పుడు కెప్టెన్ ఎవరు?"

ఎర్వానే. ఆ ఏడాది అతనికి జట్టు మూడో స్థానంలో నిలిచిన ఏడాదిగానే గుర్తు.

"అతని సంగతి జట్టులో ఎత్తొద్దని దెల్మా గట్టిగా చెప్పాడు."

"చెప్పాడులే."

"నేనేం చెయ్యగలను, మదాం?"

"అంత పెద్ద పని ఏం అడిగాను? చెయ్యి ఇవ్వడానికి ఎవరి సంతకం కావాలి?" ఆమె పిన్ను గుచ్చి సంచిని మెషీన్లో పడేసింది. "ఈ కిటికీలోంచి గేటు కనిపిస్తుంది, కెప్టెన్. నువ్వు కారు దిగుతూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాడివి."

"ఒక్కోసారి నిజంగానే మాట్లాడేవాణ్ణి."

"ఒక్కోసారి," అని ఒప్పుకుంది ఆమె. "కోచ్ మాత్రం అప్పుడు వెనక గేటులోంచి వచ్చి తప్పించుకునేవాడు. ఈ ఫోను విద్య నీ దగ్గరే నేర్చుకున్నాడు."

ఆ రాత్రి జట్టు పొరుగు జిల్లాలో ఆడింది. ఎర్వాన్ వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నాడు. అరవయ్యో నిమిషంలో ఒక సెంటర్ డిఫెండర్ మోకాలు తిరగబడి స్ట్రెచర్ మీద వెళ్ళాడు. డెబ్బయ్యో నిమిషంలో రెండోవాడికి ఎర్ర కార్డు. నాలుగు గోల్స్ తిన్నారు. ఇంకో రోజైతే ఎర్వాన్ లోలోపల సంబరపడేవాడేమో. ఇవాళ అతని ముందున్న కాఫీ చల్లారిపోయింది. గేటు దగ్గర నిలబడ్డ ఫాబియాన్ ముఖం ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. తను ఎప్పుడూ అటు చూడనే లేదు మరి.

బుధవారం ఉదయం వ్యాయామం అయ్యాక రింగ్ రోడ్డు పక్కనున్న టైర్ల షాపుకి వెళ్ళాడు. ఫాబియాన్ లెస్కాప్ ఒక వ్యాన్‌ని జాకీ మీద లేపి చక్రం ఊడదీస్తున్నాడు. ఒళ్ళు చేశాడు, జుట్టు పల్చబడింది. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. అంతలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు తెచ్చాడు. ఫాబియాన్ నల్లటి వేళ్ళు వెనక్కి మడిచి మణికట్టు చాపాడు. పోస్ట్‌మ్యాన్ ఆ మణికట్టే పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. చేతులు మురికిగా ఉన్నవాళ్ళు ఇక్కడ అలాగే చేస్తారు, మురికి కూడా సాకు కాదు.

"ఫాబియాన్," అని ఎర్వాన్ చెయ్యి చాపాడు.

ఫాబియాన్ ఆ చేతిని చూశాడు. కోపంగా ఏమీ చూడలేదు. టైరు అరిగిందో లేదో చూసినట్టు చూశాడు.

"మనం కలిసేశాంగా."

"ఇప్పుడే కదా వచ్చాను."

"ఇప్పుడు కాదు. అప్పుడు. నువ్వు ఫోన్‌లో ఉన్నావు."

నెలరోజులుగా తను నూరిపెట్టుకున్న మాట. అది తన మీదికే వస్తుందని ఎర్వాన్ కలలో కూడా అనుకోలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది.

"నేను అప్పుడు..." అన్నాడు.

"మూడోసారి ఆలస్యమైన రోజు గుర్తుందా నీకు?" అన్నాడు ఫాబియాన్ మళ్ళీ చక్రం దగ్గర కూర్చుంటూ. "ఎందుకు గుర్తుంటుందిలే. తెల్లారగట్ల మా పాపకి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రినుంచి నీకు ఫోన్ చేశాను. కెప్టెన్‌వి కదా, నువ్వు చెబితే ఆ ఆలస్యం రాసుకోరని. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. రోజంతా చెవిలోనే ఉంటుందే, ఇప్పుడేమైందబ్బా అనుకున్నాను."

"పాప ఎలా ఉంది?"

"బడికెళ్తోంది. టైర్ల పనేమైనా ఉందా?"

"లేదు."

"అయితే కారు తియ్యి. దారికి అడ్డంగా ఉంది."

మధ్యాహ్నం ఎర్వాన్ ఫోన్ మోగింది. దెల్మా. ఈసారి ఫోన్ అవతల నిజంగానే మనిషి ఉన్నాడు.

"రేపు తొమ్మిదిన్నరకి లోపలికి రా," అన్నాడు దెల్మా, మధ్యలో ఈ నెల లేనట్టు. "శనివారం నువ్వు ఆడాలి. ఐదో నంబరు నీ లాకర్లో పెట్టిస్తున్నాను. పైవాళ్ళతో మాట్లాడాను."

"లెవాన్?"

"లెవాన్ సంగతి వేరు. నాకు కావల్సింది డిఫెండర్."

ఎర్వాన్ కిటికీలోంచి బయటికి చూశాడు. వద్దు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని పచ్చగడ్డి మీద బూట్ల స్టడ్స్ దిగబడే చప్పుడు చెవుల్లో వినిపించింది.

"సరే," అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం అతను ఏడున్నరకి రానక్కర్లేదు. ఏడూ పదికే వచ్చాడు. ఏడుంబావుకి దెల్మా కారు దిగాడు. తొమ్మిదిన్నరకి పిలిచిన మనిషి ఇప్పుడే గేటు దగ్గర చెయ్యి చాపి కనిపించేసరికి అతని చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఫోన్ చెవికి చేరాక గాని ఇక ఆ అవసరం లేదని గుర్తు రాలేదు. గుర్తొచ్చినా దించలేక, దాంతో అలాగే మాట్లాడుతూ వెళ్ళిపోయాడు.

ఎర్వాన్ రేకుల గదిలో బట్టలు మార్చుకున్నాడు. ఎనిమిది రౌండ్లు పరిగెత్తాడు. లెవాన్ ఎప్పటిలాగే బంతి తీసుకుని మీదికి వచ్చాడు. ఎర్వాన్ ఎప్పటిలాగే అరడుగు వెనక్కి జరిగాడు. తొమ్మిదీ ఇరవైకి బంతి సంచిలో వేసి, "పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"లోపలికి."

"నా పేరు లేదు," అన్నాడు లెవాన్. "నీ పేరు ఉంది. విన్నాను. నేను సంతోషం, కెప్టెన్. నిజం."

"నడవవయ్యా బాబూ. ముందు నడువు."

కాంతాన్ పుస్తకం తెరిచి, ఇద్దరినీ చూసి, మళ్ళీ మూసేశాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో కుడివైపునుంచి మొదలుపెట్టాలి. ఎర్వాన్ లెవాన్‌ని ముందుంచి తను వెనక నడిచాడు. మొదట కూర్చున్న గోలీ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కళ్ళముందు చెయ్యి కనిపించగానే లేచి నిలబడి అందుకున్నాడు, తరవాతగాని అది ఎవరి చెయ్యో చూడలేదు. రెండోవాడు చూసే అందుకున్నాడు. మూడోవాడు తలుపువైపు ఒకసారి చూసి అందుకున్నాడు. ఆ గదిలో చాపిన చేతిని గాలికి వదిలేసేవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. గేటు దగ్గర వదిలెయ్యొచ్చు, లోపల కుదరదు. ఇరవై రెండు చేతులు. ఎర్వాన్ ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ చేతులు కలిపాడు. నెలరోజులుగా తన ముందునుంచి తల వంచుకుని పోయినవాళ్ళు వీళ్ళు. నిన్నటిదాకా వాళ్ళని తిట్టుకున్నాడు. ఇవాళ ఆ వంచిన తలల్లో తనదీ ఒకటి కనిపిస్తోంది.

దెల్మా లోపలికి వచ్చాడు. మొహంనిండా నవ్వు తెచ్చుకుని, గది మధ్యకి నడిచి, అందరూ చూస్తుండగా ఎర్వాన్‌కి చెయ్యి చాపాడు.

ఇవాళ మనం కలిసేశాం కోచ్, మీరు ఫోన్‌లో ఉన్నారు. మాట నాలుక చివరనే ఉంది, ఈ పొద్దున కూడా నిజమే అది. కాని ఆ మాట ఇప్పుడు తనది కాదు. దానికి హక్కున్నవాడు రింగ్ రోడ్డు పక్కన చక్రాలు ఊడదీస్తున్నాడు.

"ముందు అతనికి ఇవ్వండి, కోచ్," అన్నాడు ఎర్వాన్.

దెల్మా అప్పుడు లెవాన్‌ని చూశాడు. "ఇతన్ని ఎవరు రమ్మన్నారు?"

"నేను."

"నీకా అధికారం లేదు, ఎర్వాన్. ఇప్పుడు నువ్వు కెప్టెన్‌వి కూడా కాదు."

"తెలుసు, కోచ్. ఉన్నప్పుడు వాడలేదు."

"శనివారం నువ్వు లేకపోయినా జట్టు దిగుతుంది," అన్నాడు దెల్మా గొంతు తగ్గించి.

"దిగుతుంది. నేను పోయి వెనక మైదానంలో పరిగెత్తుకుంటాను. ఇద్దరం కలిసే పోతాం."

రేపటితో గడువు అయిపోతుంది. ఒక్క మాటతో పదకొండేళ్ళ గడ్డీ పోతుంది. గోలీ లేసు కట్టడం మానేసి దెల్మావైపే చూస్తున్నాడు. పక్కవాడూ అంతే. ఇరవై రెండుమందీ అంతే.

దెల్మా జేబులో ఫోన్ మోగింది. నిజంగానే మోగింది. అతని చెయ్యి జేబుదాకా వెళ్ళింది. గదిలో అందరూ ఆ చేతినే చూశారు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. దెల్మా ఆ చెయ్యి ఖాళీగా బయటికి తీసి లెవాన్‌కి చాపాడు.

"గుడ్ మార్నింగ్," అన్నాడు, గోడని చూస్తూ.

లెవాన్ అరచెయ్యి నిక్కరుకి తుడుచుకుని అందుకున్నాడు. "గుడ్ మార్నింగ్, కోచ్. ఇరవై ఏడు రోజుల నుంచి."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. తరవాత దెల్మా ఎర్వాన్‌తో చేతులు కలిపాడు. ఎర్వాన్‌కి ఏ గెలుపూ అనిపించలేదు. ఇందులో న్యాయం ఏముంది గనక? ఒకడి మోకాలు తిరగబడింది, ఇంకొకడికి ఎర్ర కార్డు పడింది, కనక వీళ్ళ చేతులకి మళ్ళీ విలువ వచ్చింది. ఫాబియాన్ ఖర్మకొద్దీ అతని ఏడాదిలో ఆ రెండూ జరగలేదు.

శుక్రవారం ఉదయం షాపు షట్టరు పైకి లేస్తున్నప్పుడే ఎర్వాన్ అక్కడ ఉన్నాడు. కారు ఈసారి దూరంగా, ఎవరికీ అడ్డం రాకుండా పెట్టాడు. ఫోన్ కారులోనే వదిలేశాడు. ఫాబియాన్ అతన్ని చూసి, లోపలికి వెళ్ళి, నిన్న సాయంత్రం మిగిలిపోయిన కారు ముందు కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇవాళ ఇంకా కలవలేదు మనం," అన్నాడు ఎర్వాన్, చెయ్యి చాపి.

ఫాబియాన్ మొదటి బోల్టు విప్పి రేకు గిన్నెలో వేశాడు. రెండోది వేశాడు.

"రేడియోలో చెప్పారు," అన్నాడు చక్రంతో. "నువ్వు ఆడుతున్నావట. ఆ జార్జియావాణ్ణి కూడా తీసుకున్నారట."

"ఆఁ."

మూడో బోల్టు తుప్పు పట్టి ఉంది. ఫాబియాన్ నూనె చుక్కలు వేసి, కాసేపు ఆగి, పానా మీద బరువంతా మోపి తిప్పాడు. ఎర్వాన్ చెయ్యి బరువెక్కింది. భుజం దగ్గర లాగుతోంది. దించలేదు. గేటు దగ్గర ఇరవై ఏడు రోజులు దించడం నేర్చుకున్నాడు, దించకుండా ఉండడం ఇవాళే మొదలు. నాలుగో బోల్టు గిన్నెలో పడింది.

"రేపు కూడా వస్తావా ఏంటి, ఇట్లా?"

"వస్తాను."

"మ్యాచ్ ఉంది కదా."

"మ్యాచ్‌కి ముందు వస్తాను."

ఫాబియాన్ ఐదో బోల్టు విప్పాడు. చక్రం పక్కకి తీసి గోడకి ఆనించాడు. తరవాత, ఇటు తిరక్కుండానే, నల్లటి వేళ్ళు వెనక్కి మడిచి మణికట్టు చాపాడు.